కమీషన్ సంపాదన ఎంతవరకు హలాల్?

పెనుగొలనులో ఇషా నమాజు తర్వాత ఒక యువ సోదరుడు మమ్మల్ని ఇలా అడిగాడు: "హజ్రత్! తిరువూరులో బండ్ల షోరూములో పనిచేస్తున్నాను. జీతం తక్కువ, బండికి ఇంత అని కమీషన్ ఇస్తారు. కొన్నవారికి లోను ఇప్పిస్తే ఫైనాన్సువాళ్లు వేరుగా ఇస్తారు. ఇదంతా హలాలేనా?"

ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. మందుల కంపెనీ, స్థలాల వెంచరు, బీమా, ఎక్కడ చూసినా సంపాదనలో కొంత, ఒక్కోచోట మొత్తం, అమ్మకం మీదే ఆధారపడి ఉంటోంది.

అరబ్బులు దళారీని 'సిమ్సార్' అనేవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ బజారువారిని 'తుజ్జార్' అనే మేలైన పేరుతో పిలిచి, బేరాల్లో వ్యర్థ మాటలు, ఒట్లు దొర్లుతాయి గనుక దానధర్మాలు చేస్తూ ఉండమని బోధించారు (అబూదావూద్). దళారీ కూలిలో తప్పులేదని ఇబ్నె సీరీన్, అతా వంటి తాబయీలు భావించినట్లు ఇమామ్ బుఖారీ పేర్కొన్నారు. 'నూటికి ఇంత' అంటే మొత్తం ముందుగా తెలియదు కదా అని హనఫీ ఫుఖహాలు మొదట సందేహించారు. ప్రజల అవసరం చూసి తర్వాతివారిలో కొందరు అనుమతించారు.

అయితే రేటు ముందే తేలాలి. ఎవరి తరఫున పనిచేస్తున్నామో వారికి మన రాబడి తెలియాలి. మిర్చి అమ్మిపెట్టే ఏజెంటు రైతు దగ్గర కమీషన్ తీసుకుంటూ, కొనేవాడి దగ్గర కూడా చాటుగా పుచ్చుకొని ధర తగ్గిస్తే అది ఖియానత్.

అన్నిటికంటే పెద్ద బాధ్యత ఏజెంటు నోటి మాటకు ఉంటుంది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వేలాది కమీషన్ ఏజెంట్ల ద్వారా సుమారు 32 లక్షల ఖాతాల నుంచి దాదాపు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసిందని ఈడీ ప్రకటించింది. చెల్లింపులు ఆగాక జనం తలుపు తట్టింది కంపెనీ యజమానులది కాదు, తమ ఊరి ఏజెంటుది. ఆ ఏజెంట్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పోగొట్టుకున్నారు, పాపం! తనకే తెలియని దానికి "నాదీ పూచీ" అని చెప్పి తీసుకున్న కమీషన్ దేనికి కూలి?

ఇక ఆ సోదరుని సంగతి. షోరూము కమీషన్ హలాల్, బండి లోపం దాచనంత వరకు. ఫైనాన్సువాళ్లిచ్చేది మాత్రం వడ్డీ ఒప్పందం కుదిర్చినందుకు వచ్చే డబ్బు. వడ్డీ తినేవానితోపాటు దాన్ని రాసేవానిని, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారు (ముస్లిం). ఆ పని మానుకోమన్నాము. "మరి ఇప్పటిదాకా తీసుకున్నది?" అన్నాడు. లెక్క కట్టి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమన్నాము.