ఇంజను ఆయిల్ – రంగు చూసి మోసపోవద్దు



వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు ఏ విషయం తీసుకోవాలా అని ఆలోచించాము. మనలో చాలామంది ఇళ్లు ఆటో మీదనో, ట్రాక్టరు మీదనో, లారీ డ్రైవరు జీతం మీదనో నడుస్తున్నాయి. సెలవుల్లో మెకానిక్ షెడ్డులో పనిచేసే తమ్ముళ్లు కూడా ఉన్నారు. అందుకే అందరికీ పనికివచ్చే ఇంజను ఆయిల్ గురించి, బండిని గట్టిగా కష్టపెట్టిన తరువాత ఆ ఆయిల్ ఏమవుతుందనే దాని గురించి రాస్తున్నాము.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా నాన్న గ్యాస్ ఆటో నడుపుతారు. ఆయిల్ మార్చవలసిన రోజు వచ్చినప్పుడల్లా కొద్దిగా వేలికి అంటించుకుని వెలుతురులో చూసేవారు. "ఇంకా తేనె రంగులోనే ఉంది గదరా, నల్లబడినాక మారుద్దాంలే" అనేవారు. మేము ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నిండా జనంతో పోతూ ఇంజను పట్టేసింది. షెడ్డులో విప్పి చూస్తే పిస్టన్ రింగులు జిగురుతో బిగుసుకుపోయి ఉన్నాయి, ఆయిల్ కూడా చాలా తగ్గిపోయి ఉంది. అప్పు తెచ్చి బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయించారు. మా ఎంసెట్ కోచింగ్‌కు దాచిన డబ్బు కూడా అందులోనే పోయింది. హాస్టల్‌లో సీనియర్ అన్నలు వదిలిపోయిన పుస్తకాలతోనే చదివి మెకానికల్‌లో సీటు తెచ్చుకున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. కానీ "ఆయిల్ రంగు బాగానే ఉంది గదా, ఇంజను ఎందుకు పోయింది?" అని నాన్న అడిగిన ప్రశ్నకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. అది దొరికింది రేసు ట్రాక్ దగ్గర.

ఆయిల్ చేసే పని

ఇంజనులో ఆయిల్ ముఖ్యంగా నాలుగు పనులు చేస్తుంది. ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యలో పొరలాగా నిలబడుతుంది. నీరు, గాలి చేరలేని చోట వేడిని లాగేస్తుంది. మసిని, మురికిని ఒకచోట పేరుకోకుండా తనలో కలుపుకుని ఫిల్టరు వరకు తెస్తుంది. పెట్రోలు, గ్యాస్ మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచేస్తుంది. ఇందుకోసం మూల నూనెలో రకరకాల రసాయనాలు కలుపుతారు. ఆయిల్ పాడవడం అంటే నూనె తరిగిపోవడం ఒక్కటే కాదు, ఈ రసాయనాలు ఖర్చయిపోవడం కూడా.

ట్రాక్ మీద ఏమి జరుగుతుంది?

బి.టెక్. చివరి సంవత్సరంలో మా కాలేజీ విద్యార్థులం కలిసి చిన్న రేసు కారు తయారుచేసి, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి తీసుకువెళ్లాము. 373 సి.సి. బైకు ఇంజనును కారులో బిగించాము. అందులో చివరి పరీక్ష ఎండ్యూరెన్స్. దూరం సుమారు 22 కిలోమీటర్లే. ఇంత చిన్న దూరంలో ఆయిల్‌కు ఏమవుతుందని మీరు అనుకోవచ్చు, మేమూ అలాగే అనుకున్నాము. కానీ అక్కడ ఆయిల్‌కు నాలుగు కష్టాలు ఉన్నాయి.

1. వేడి: మామూలు రోడ్డు మీద ఆయిల్ వేడి సుమారు 90 నుంచి 110 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంటుంది. ట్రాక్ మీద 120, 130 డిగ్రీలు దాటడం మామూలే. రసాయన చర్య వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందని ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్నాము. 100 నుంచి 130కి పోతే 2×2×2, అనగా ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం సుమారు 8 రెట్లు పెరుగుతుంది.

2. నలగడం: 15డబ్ల్యూ-50 వంటి ఆయిల్‌లో వేడికి మరీ పలచబడకుండా పొడవైన పాలిమర్ అణువులు కలుపుతారు. చాలా బైకులలో ఇంజనుకు, గేర్లకు, క్లచ్‌కు ఒకే ఆయిల్. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆ అణువులు తెగిపోతాయి. 50 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర కనీసం 16.3 సెంటీస్టోక్స్ ఉండాలి. అంతకన్నా తగ్గితే డబ్బా మీద 50 అని రాసి ఉన్నా లోపల ఉన్నది 40 గ్రేడే.

3. పెట్రోలు కలవడం: పూర్తి యాక్సిలరేటర్‌లో ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందుతుంది. మండకుండా మిగిలింది సిలిండరు గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది.

4. పక్కకు పారిపోవడం: బైకు మలుపులో వంగుతుంది గనుక ఆయిల్ చాంబర్‌లో అడుగునే ఉంటుంది. కారు వంగదు. భూమ్యాకర్షణకు సమానమైన బలం పక్కకు పనిచేస్తే ఆయిల్ మట్టం 45 డిగ్రీల వాలులో ఒక పక్కకు ఎక్కేస్తుంది. అప్పుడు పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీల్చుకుంటుంది. ప్రాక్టీసులో పొడవైన మలుపు తిరిగినప్పుడల్లా మా కారులో ఆయిల్ లైటు వెలిగి, నేరుగా వచ్చేసరికి ఆరిపోయేది. స్విచ్ పాడైందనుకుని దానిని మార్చాము. అయినా లైటు వెలిగింది. చివరికి అసలు సంగతి అర్థమై చాంబర్ లోపల అడ్డరేకులు బిగించాము. ఆ లైటును పట్టించుకోకుండా ఉంటే బేరింగు పోయి మా ఏడాది కష్టం అక్కడే ఆగిపోయేది.

ల్యాబులో చూసింది

ఎండ్యూరెన్స్ పూర్తిచేసి ఆయిల్ దించితే అది తేనె రంగులోనే ఉంది! "కొత్తదానిలాగే ఉంది, మళ్లీ పోసుకుందాం, ఖర్చు కలిసొస్తుంది" అన్నారు మా జట్టులో కొందరు. ఆ మాట వినగానే మాకు నాన్న మాట గుర్తుకు వచ్చింది. ఆ ఆయిల్‌ను సీసాలో పోసి కాలేజీకి తెచ్చాము.

రెడ్‌వుడ్ విస్కోమీటరులో కొత్త ఆయిల్‌ను, ట్రాక్ ఆయిల్‌ను ఒకే ఉష్ణోగ్రతకు వేడిచేసి, 50 మిల్లీలీటర్లు కారడానికి పట్టే సమయం చూశాము. ట్రాక్ ఆయిల్ తొందరగా కారిపోయింది, అంటే పలచబడింది. తరువాత పెన్‌స్కీ-మార్టెన్స్ పరికరంలో ఫ్లాష్ పాయింట్ చూశాము. కొత్త ఇంజను ఆయిల్‌కు అది సాధారణంగా 200 డిగ్రీలకు పైన ఉంటుంది. ట్రాక్ ఆయిల్ కొత్తదానికన్నా ముందే అంటుకుంది, అంటే పెట్రోలు కలిసింది. ఇవేవీ కంటికి కనిపించలేదు, రంగు ఒక్కటి మాత్రం బాగుంది.

నాన్న ప్రశ్నకు జవాబు

గ్యాస్ ఇంజనులో మసి చాలా తక్కువ. అందుచేత ఆయిల్ తొందరగా నల్లబడదు. కానీ లోపలి వేడికి ఆక్సిజన్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌తో కలిసి దానిని చెడగొడుతూనే ఉంటాయి. మొదట రసాయనాలు ఖర్చవుతాయి, తరువాత ఆయిల్ చిక్కబడి జిగురు పడుతుంది. ఆ జిగురుకు రింగులు బిగుసుకుంటాయి, ఆయిల్ పైకెక్కి మండిపోతుంది, మట్టం తగ్గుతుంది, చివరికి ఇంజను పట్టేస్తుంది. ట్రాక్ మీద ఆయిల్ పలచబడితే మా ఆటోలో చిక్కబడింది. దారులు వేరైనా రెండు చోట్లా రంగు అబద్ధమే చెప్పింది.

దీనికి వ్యతిరేకంగా డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని తనలో పట్టుకుంటున్నదని గుర్తు, అంతమాత్రాన పాడైనట్లు కాదు.

గుర్తుంచుకోవలసినవి

• ఆయిల్ వయసు కిలోమీటర్లతో మాత్రమే తెలియదు. నిండు లోడు, ఎండ, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపడం, దమ్ములో ట్రాక్టరు – ఇవన్నీ ఆయిల్‌కు ట్రాక్ వంటివే. కంపెనీ పుస్తకంలో కష్టమైన వాడకానికి వేరే గడువు రాసి ఉంటే దానినే పాటించాలి.
• మట్టం చూడడం మరువవద్దు. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో చూడాలి.
• ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగినా బండి ఆపి కారణం తెలుసుకోవాలి.
• గట్టిగా నడిపిన వెంటనే ఇంజను కట్టేయకుండా చివరి కొద్ది దూరం నెమ్మదిగా నడిపితే లోపలి వేడి తగ్గుతుంది.
• సీలు ఉన్న డబ్బానే కొనాలి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారేస్తే అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మలేరు.
• వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. షెడ్డులో పనిచేసే తమ్ముళ్లు తప్పక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దానిని కాలువలో పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలి.

"కరెంటు బండ్లు వస్తున్నాయి గదా, ఇక ఇదంతా ఎందుకు?" అని కొందరు తమ్ముళ్లు అడగవచ్చు. నిజమే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసులో పరుగెత్తిన కార్లకు ఇంజను ఆయిలే లేదు. కానీ అప్పు కట్టవలసిన ఆటోలు మన ఇళ్లముందు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు మేము ఎం.టెక్. చదువుతున్నాము. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ల్యాబులో చూసినదంతా నాన్నకు చెప్పాము. ఆయన కాసేపు ఊరుకుని, "ఈ ముక్క అప్పుడే తెలిసుంటే..." అన్నారు. ఇప్పుడు ఆటోలో ముందు అద్దం పక్కన ఆయిల్ మార్చిన తేదీ రాసిన చీటీ అంటించి ఉంటుంది. రంగు చూడడం మానేశారు.

తమ్ముళ్లూ! మనం చదివే పాఠం పరీక్ష కాగితం దగ్గరే ఆగిపోకూడదు. ఈ సెలవుల్లో మీ ఇంటి బండి ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. ఆ తేదీని ఒక చీటీ మీద మీరే రాసి బండికి అంటించండి.