లక్క కరిగే వేడికి లెక్క ఉందా?

ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు చార్మినార్ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. కొత్త వస్తువు చేసుకోవడానికో, పాత పద్ధతి మార్చుకోవడానికో సర్కారు డబ్బిస్తుందట, నిజమేనా అని అందరి అనుమానం. నిజమే. కానీ ఎవరికి, దేనికి, ఎలా అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

సార్, మాది ఉప్పుగూడ. లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేసి ఇస్తాం. నాన్న కాలం నుంచీ బొగ్గుల భట్టీ మీదే పని. ఎండాకాలం కారిగార్లు కూర్చోలేకపోతున్నారు. కరెంటు భట్టీ చేయించాలని ఉంది. పరిశోధన చేస్తామంటే 15 లక్షలు ఊరికే ఇస్తారని మా బావమరిది అంటున్నాడు. మేం పెద్దగా చదువుకోలేదు. మాకిస్తారా?

15 లక్షలన్నది గాలివార్త కాదు. కేంద్ర ఎం.ఎస్.ఎం.ఈ. శాఖ 2022 మార్చిలో మొదలుపెట్టిన ‘ఎం.ఎస్.ఎం.ఈ. ఇన్నోవేటివ్’ పథకంలో, ఇంక్యుబేషన్ విభాగం కింద ఒక్కో ఆలోచనకు గరిష్ఠంగా 15 లక్షల వరకు ఇస్తారు. ఆ ‘గరిష్ఠంగా’ను మీ బావమరిది మింగేశాడు. ఇంకో సంగతి కూడా చెప్పి ఉండడు. ఆ డబ్బు మీ చేతికి రాదు. మీ ఆలోచనను దగ్గరుండి చేయించే సంస్థ ఒకటి ఉంటుంది, ఇంజినీరింగ్ కాలేజీయో మరొకటో. ఖర్చు దాని చేతుల మీదుగా జరుగుతుంది.

మీకు దీనికన్నా దగ్గరి దారి ఉంది. కేంద్రంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డి.ఎస్.ఐ.ఆర్.) ‘ప్రిజమ్’ అనే పథకం నడుపుతోంది. ఏ భారతీయ పౌరుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, డిగ్రీ ఉండాలన్న షరతు లేదు. చిన్న నమూనాకు 2 లక్షల వరకు, కాస్త పెద్ద పనికి 20 లక్షల వరకు ఇస్తారు. ఎంత ఇచ్చినా మొత్తం ఖర్చులో 90 శాతం దాటదు. మిగతా పది శాతం మీరు పెట్టుకోవాలి.

ఇక అసలు విషయం. “కరెంటు భట్టీ కొనుక్కుంటాను, డబ్బివ్వండి” అని రాస్తే కాగితం అక్కడే ఆగిపోతుంది. అది మిషన్ కొనుగోలు, దానికి బ్యాంకు లోను ఉంది. పరిశోధన గ్రాంటు ఇచ్చేది ఇంతవరకు జవాబు తెలియని ప్రశ్నకు. మీ దగ్గర అలాంటి ప్రశ్న ఉంది. రోజూ చేతుల్లో ఉన్నదే కాబట్టి మీకది ప్రశ్నలా కనిపించడం లేదంతే.

మీ కారిగార్ పక్కన ఒక పూట కూర్చుని చూడండి. లక్కను వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, మెత్తగా ఉన్నంతసేపట్లోనే రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటే అద్దుతాడు. చల్లబడితే మళ్లీ సెగ చూపిస్తాడు. లక్క సుమారు 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఎక్కువ వేడి తగిలితే మాత్రం గుణం మారి గట్టిపడిపోతుంది, మళ్లీ కరగదు. ఆ ముక్క ఇక పారేయడమే. బొగ్గుల మీద ఎంత వేడి తగులుతోందో చెప్పేది కారిగార్ వేలికొసలు తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి ప్రశ్న ఇలా పెట్టండి: రంగు మాడకుండా, రాయి ఊడకుండా, లక్కను ఒకే వేడి దగ్గర ఎంతసేపు నిలపగలం? దానికి ఎలాంటి కాయిల్, ఎలాంటి పళ్లెం, ఎంత కరెంటు కావాలి?

దరఖాస్తు కన్నా ముందు సొంత ఖర్చుతో ఒక చిన్న పరీక్ష చేయండి. బొగ్గు మీద వంద గాజులు, మామూలు హీటర్ మీద వంద గాజులు. ఎన్ని పాడయ్యాయి, ఎంత లక్క వృథా అయింది, ఎంతసేపు పట్టింది, నోటుబుక్కులో రాసుకోండి. ఆ ఒక్క పేజీ కమిటీ ముందు చేసే పని ఇరవై పేజీల ఇంగ్లీషు రిపోర్టు చేయలేదు. లక్క గుణాల మీద సందేహాలుంటే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924 నుంచీ లక్క మీద పనిచేస్తున్న కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. ఉత్తరం రాయండి. వాళ్ల సలహా కాగితం జతపడితే మీ దరఖాస్తుకు బలం వస్తుంది. పనిముట్టు డిజైన్‌కు మన బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది.

ఒక జాగ్రత్త. హైదరాబాద్ లక్క గాజులకు 2024 మార్చిలో జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు చేతిపనికి దక్కింది. వేడి ఎక్కణ్నుంచి వస్తోందన్నది మార్చుకోవడం ఒకటి, రాళ్లు అద్దే పనిని మిషన్‌కు అప్పగించడం వేరొకటి. రెండోదాని జోలికి పోయేముందు జి.ఐ. తెచ్చిన కారిగార్ల సంఘంతో మాట్లాడండి.

గ్రాంటు శాంక్షన్ చేయిస్తానని ఒకాయన మా గల్లీలో తిరుగుతున్నాడు. ముందు ఇరవై వేలు, వచ్చాక పది శాతం అంటున్నాడు. ఇవ్వొచ్చా? – ఒక పాఠకుడు, అలియాబాద్

ఇవ్వకండి. నేను పైన చెప్పిన పథకాలకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎవరికి వాళ్లు పెట్టుకునేదే. ఇంగ్లీషులో రాయడానికి మనిషి కావాలంటే రాసినందుకు కూలీ ఇవ్వండి, శాంక్షన్‌లో వాటా ఇవ్వకండి. గ్రాంటు ఖర్చుకు బిల్లులు చూపాలి. ఆ పది శాతాన్ని ఏ బిల్లు కింద చూపిస్తారు? దొంగ బిల్లు పెడితే రేపు జవాబు చెప్పాల్సింది మీరు, ఆయన కాదు. చిన్న పరిశ్రమలు చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు కూడా డబ్బు అడుగుతున్నారని విన్నాను. అది పూర్తిగా ఉచితం.

నేను ఫార్మసీ చదివాను, ఉండేది ఛత్రినాక. మా అమ్మకు షుగర్ వల్ల కాలి పుండు మానక చాలా అవస్థ పడ్డాం. తేమను పట్టి ఉంచి, పుండుకు అతుక్కోకుండా వచ్చే తక్కువ ధర కట్టు ఒకటి ఆలోచించాను. కాలేజీ ల్యాబ్‌లో చిన్న ముక్క చేసి చూశాను కూడా. కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, నువ్వు అడగాల్సింది బైరాక్‌ను. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2012లో పెట్టిన సంస్థ అది. వాళ్ల ‘బిగ్’ గ్రాంటు కింద 18 నెలలకు 50 లక్షల వరకు ఇస్తారు. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి దరఖాస్తులు పిలుస్తారు. వ్యక్తిగా కూడా పెట్టుకోవచ్చు. ఎంపికైతే కంపెనీ పెట్టి, ఒక ఇంక్యుబేటర్‌లో చేరాలి. ఈ పథకంలో బైరాక్‌కు తోడుగా మొదటినుంచీ నడుస్తున్న సంస్థల్లో ఒకటి జీనోమ్ వ్యాలీలోని ఐ.కె.పి. నాలెడ్జ్ పార్క్. ఛత్రినాక నుంచి దూరమే, కానీ ఊళ్లోనే ఉంది. సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థకు అనుబంధంగా కూడా ఒక ఇంక్యుబేషన్ సెంటర్ ఉంది.

పోటీ గట్టిగా ఉంటుంది. మొదటిసారి రాకపోతే నిరాశపడకు, కమిటీ అడిగిన ప్రశ్నలు రాసుకుని రెండోసారి వెళ్లు. వాళ్లు తప్పకుండా అడిగేవి కొన్ని నేనే చెప్తాను. ఇప్పుడు బజార్లో ఉన్న కట్లకూ నీ కట్టుకూ తేడా ఏమిటి? ఆ తేడా అంకెల్లో ఎంత? ఒక్క కట్టుకు ఎంతవుతుంది? పుండు మానడాన్ని ఎలా కొలుస్తావు? “మా అమ్మకు హాయిగా ఉంది” అన్నది అక్కడ సాక్ష్యం కాదు. పైగా ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనుషుల మీద పరీక్షించకూడదు, అమ్మ మీదైనా సరే. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు కూడా నీకు వర్తిస్తాయి. వాటిని ముందే చదువుకుని వెళ్లినవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు, కమిటీకి అది ఇట్టే తెలిసిపోతుంది. ఉస్మానియా ఆస్పత్రిలో ఈ పుళ్లు రోజూ చూసే సర్జన్ ఒకరు నీ ప్రాజెక్టులో సలహాదారుగా ఉండటానికి ఒప్పుకుంటే సగం పని అయినట్టే.

డబ్బు ఒకేసారి రాదు. ఈ మూడు నెలల్లో ఇది చేస్తాను, ఆ తర్వాతి మూడు నెలల్లో అది అని రాసిన మెట్లను బట్టి విడతలుగా వస్తుంది. అందుకే తొలి మెట్టు చిన్నది పెట్టుకో. గొప్పగా రాసి మొదట్లోనే తట్టుకుంటే రెండో విడత ఆగిపోతుంది.

నిజాం కాలంలో ఇలాంటివి ఏమైనా ఉండేవా? – పత్తర్‌గట్టి పాఠకుడు

ఉండేవి. 1929లో హైదరాబాద్ సంస్థానం కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టింది. అప్పట్లో కోటంటే మాటలు కాదు. అయితే అది ఎక్కువగా అప్పులు, వాటాల రూపంలో పరిశ్రమలకు వెళ్లింది. బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి కూడా అండ అదే. పరిశోధన కోసం ప్రత్యేకంగా ల్యాబులు పెట్టింది 1944లో. తార్నాకలో ఇప్పుడు ఐ.ఐ.సి.టి. అని పిలుస్తున్న సంస్థ మూలం అక్కడే ఉంది. పాతబస్తీ చిన్న కారిగార్‌కు ఆ రెండింటివల్ల నేరుగా ఒరిగింది తక్కువేనని నా అభిప్రాయం.

కాటేదాన్‌లో రబ్బరు విడిభాగాల యూనిట్ ఉంది. కొత్త మిశ్రమం కోసం రెండేళ్లుగా సొంత డబ్బు పెట్టాను. ఆ ఖర్చు ప్రభుత్వం తిరిగిస్తుందా?

అయిపోయిన ఖర్చుకు గ్రాంటు రాదు. శాంక్షన్ కాగితం మీద తేదీ తర్వాత పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. ఇది తెలియక ముందే మిషన్ తెచ్చుకుని తర్వాత దరఖాస్తు పెట్టేవాళ్లు ఎందరో.

ఆదాయపు పన్ను దారి గురించి మీ ఆడిటర్ చెప్పే ఉంటారు. కంపెనీల సొంత పరిశోధన ఖర్చుకు ఒకప్పుడు 200 శాతం మినహాయింపు ఉండేది. 2017–18 నుంచి 150 అయింది, 2020–21 నుంచి 100. అంటే అదనపు లాభమేమీ మిగల్లేదు. ఇక ముందు చేయబోయే పనికైతే టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఉంది. ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు 5 శాతం సాధారణ వడ్డీకి అప్పిస్తుంది. ల్యాబు దశ దాటి అమ్మకానికి సిద్ధం చేసే దశలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది అది. 2025 జూలైలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల (ఆర్.డి.ఐ.) నిధి గురించి పేపర్లలో చూసి ఉంటారు. అదీ ప్రధానంగా అప్పులు, వాటాలే, మీలాంటి యూనిట్‌కు నేరుగా అందేది కాదు. దాని కోసం కాచుకుని కూర్చోకండి.

గ్రాంటంటే పన్ను లేని డబ్బని కూడా అనుకోకండి. 2015 ఫైనాన్స్ చట్టం నుంచి ప్రభుత్వ గ్రాంట్లు, సబ్సిడీలు ఆదాయం కిందకే వస్తాయి. మిషన్ విలువలోంచి తగ్గించి చూపినది మాత్రం మినహాయింపు. తీసుకునేముందే ఆడిటర్‌తో కూర్చోండి.

మాది శాలిబండ, అత్తర్ల వ్యాపారం. చుక్క చుక్కగానే పడే, ఒలకని మూత ఒకటి తయారు చేశాను. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకున్నాను, అక్కడ చూపిద్దామని. గ్రాంటుకు పంపితే నా ఆలోచన ఎవరైనా కొట్టేస్తారని భయం.

గ్రాంటు కమిటీకి పంపితే వచ్చే ప్రమాదం కన్నా నుమాయిష్‌లో పెడితే వచ్చే ప్రమాదం చాలా పెద్దది. పదిమందికీ చూపించేశాక అది కొత్తది కాదని పేటెంట్ ఆఫీసు తోసిపుచ్చవచ్చు. కాబట్టి ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. మనకు చెన్నై పేటెంట్ ఆఫీసు వర్తిస్తుంది, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఫీజు 1,600 రూపాయలు. అది పడ్డాక 12 నెలల్లోగా పూర్తి దరఖాస్తు వేయాలి. మూత ఆకారం కూడా కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ వేరేగా చేయించుకోండి. ఇందాక చెప్పిన ఎం.ఎస్.ఎం.ఈ. ఇన్నోవేటివ్ పథకంలోనే పేటెంట్ వచ్చాక లక్ష వరకు, డిజైన్‌కు 15 వేల వరకు ఖర్చు తిరిగిస్తారు. వచ్చాకే సుమా, రసీదులన్నీ దాచుకోండి. మీ తాతగారి అత్తరు పాళ్లను కూడా పేటెంట్ చేద్దామనుకుంటున్నారేమో. తరతరాలుగా వస్తున్న విద్యకు మన చట్టంలో పేటెంట్ ఇవ్వరు.

నుమాయిష్ గేట్లు జనవరి 1న తెరుస్తారు. దరఖాస్తు నంబరు చేతికొచ్చేదాకా ఆ మూతను స్టాల్ బల్ల మీద పెట్టకండి.