స్పెయిను పునర్విజయము - అహోబిల శాసనము

చరిత్రను చదువు విద్యార్థి మొట్టమొదట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. యుద్ధము చేసిన రాజు మతము వేరు. ఆ యుద్ధమునకు కారణము వేరు. దీనిని విశదపరచుటకై దూరదేశమగు స్పెయిను నుండి ఒక ఉదాహరణమును, మన ఆళ్ళగడ్డకు చేరువనున్న అహోబిలము నుండి మరియొక ఉదాహరణమును ఇచ్చట పరిశీలింపదలచితిమి.

క్రీ.శ. 711లో తారిఖ్ ఇబ్న్ జియాద్ జలసంధిని దాటి స్పెయినులో అడుగిడెను. కొలది సంవత్సరములలోనే ఆ ద్వీపకల్పమున అధికభాగము ముస్లిముల పాలనలోనికి వచ్చెను. ఉత్తరపు కొండలలో మిగిలిన క్రైస్తవ ప్రభువులు చిన్న రాజ్యములు స్థాపించుకొని, క్రమముగా లియోన్, కాస్టీల్, అరగాన్, పోర్చుగల్ రాజ్యములుగా బలపడి దక్షిణమునకు జరిగిరి. 1085లో టొలీడో, 1236లో కార్డోబా, 1248లో సెవిల్ వారి వశమయ్యెను. 1492 జనవరి 2న గ్రెనడా లొంగిపోయెను. ఈ సుదీర్ఘ పోరాటమునకే పునర్విజయమని పేరు.

పైపైన చూచినచో ఇది రెండు మతముల పోరాటమే. కాని ఆ కాలపు మహావీరుడగు రోడ్రిగో డియాజ్ చరిత్రను చూడుడు. తన రాజగు ఆరవ అల్ఫోన్సో 1081లో వెడలగొట్టగా, ఆతడు జరగోజా ముస్లిము రాజు కొలువులో చేరి క్రైస్తవ ప్రభువులపై సైతము కత్తి దూసెను. పిదప 1094లో వలెన్సియాను ముస్లిముల నుండి గెలుచుకొనెను. ఆతనికి ప్రసిద్ధమైన 'సిద్' అను బిరుదము 'సయ్యద్' అను అరబ్బీ పదము నుండి వచ్చినదే.

ఇక మన సీమకు వత్తము. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దర్శించి కానుకలర్పించిన అహోబిలమును, 1579లో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సేనలు కొల్లగొట్టినవి. ఆ దండును నడిపినవాడు మురహరిరావు అను బ్రాహ్మణ సేనాని. తోడుపడినవారు హండె వంశపు హిందూ నాయకులు. కొన్నియేండ్లు ఆ క్షేత్రము వారి చేతిలోనే యుండెను. అహోబిల మఠపు జియ్యరు శ్రీరంగరాయలకు మొరపెట్టుకొనగా, కొండ్రాజు వేంకటరాజు శత్రువులను తరిమి ఆలయమును ఉద్ధరించెను. ఈ వృత్తాంతమును 1584 నాటి అహోబిల శాసనము తెలుపుచున్నది.

ఆ ఇబ్రహీమే రాజు కాకముందు 1543 నుండి 1550 వరకు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున నుండెను. తెలుగు కవులు ఆతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆతనికే అంకితమిచ్చెను. తెలుగు కావ్యమును స్వీకరించిన ప్రభువు సేనయే తెలుగువారి దేవాలయమును దోచెను. మతద్వేషమొక్కటే కారణమన్నచో మురహరిరావునకు అర్థము చెప్పలేము. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధమునకు పిమ్మట బలహీనపడిన రాజ్యమును, సంపన్నమైన ఆలయమును ఎదుట నుండగా, ధనాశయు రాజ్యకాంక్షయు తమ పని తాము చేసినవి.

అయినను రెండు కథలకును ముఖ్యమైన భేదమొకటి కలదు. గ్రెనడా లొంగినపుడు ముస్లిములకు మతస్వేచ్ఛను వాగ్దానము చేసిరి. పదేండ్లు గడచునంతలో, 1502లో, కాస్టీల్ ముస్లిములను మతము మార్చుకొనుడు లేదా దేశము విడువుడనిరి. అట్లు మతము మార్చుకొన్నవారి సంతతిని కూడ 1609 నుండి 1614 వరకు, సుమారు మూడు లక్షలమందిని, ఓడలకెక్కించిరి. అహోబిలమును తిరిగి గెలిచిన వేంకటరాజు గుడిని నిలిపెనే కాని, ఏ ఊరి ముస్లిములను వెడలగొట్టినట్లు ఆ శాసనము చెప్పదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో మసీదులును దేవాలయములును నేటికిని చెంతచెంతనే యున్నవి.

అహోబిలమునకు జరిగిన కీడును దాచుట చరిత్రకు ద్రోహము. దానిని నేటి మన పొరుగువారి తలపై మోపుట అంతకు మించిన ద్రోహము. విద్యార్థులు అహోబిలమునకు పోయినపుడు ఆ శాసనమును గుర్తుంచుకొని, అందలి ప్రతి పేరును విచారింతురు గాక! ఎవరు ఎవరి పక్షమున నిలిచిరో తెలిసికొన్నచో, వట్టి మాటలకు మోసపోవు భయముండదు.