కాయకము – అంగడి – దాసోహము: పలాస జీడిపప్పు చెప్పు పాఠము

పండుగనాడు పాయసములో నేతితో వేయించి వేయు జీడిపప్పు లేని గృహము నేడు అరుదు. మఠములలో దాసోహమునకు వండు ప్రసాదములోను దానికి చోటు కలదు. శివార్పితము చేయు పదార్థము శుచిగా ఉండవలెనని భక్తులు ఎంతయో శ్రద్ధ వహింతురు. అయితే ఆ పదార్థము ఎవరి కాయకమువలన వంటింటికి వచ్చినదో విచారించువారు కొలదిమంది మాత్రమే. బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కళ్యాణమునందు కాయకమును దాసోహమును జంటగా బోధించినాడు. ఈ రెంటి నడుమ ఒక అంగడి ఉన్నది. అచ్చట చెల్లించు వెల న్యాయమైనది కానిచో దాసోహమునకు మూలమే లోపించును. ఈ విషయమును గ్రహించుటకు శ్రీకాకుళము జిల్లాలోని పలాస మంచి ఉదాహరణము.

1. ఉద్దానసీమ

టెక్కలి దాటి ఉత్తరముగా పోయినచో పలాస–కాశీబుగ్గ జంటపట్టణము వచ్చును. అచ్చటినుండి ఇచ్ఛాపురము వరకు సముద్రమునకు చేరువగా ఉన్న ఇసుకనేలల సీమయే ఉద్దానము. ఉద్యానవనము అను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ సీమకు ప్రాణాధారములు. జీడిమామిడి ఈ దేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దీనిని బ్రెజిలునుండి భారతదేశపు పడమటి తీరమునకు తెచ్చిరి. ఇతరములైన పంటలు నిలువని ఇసుకనేలలో ఇది వేరూనినది.

వేసవి ఆరంభమునుండి తోటలలో పిక్కలు రాలును. రైతులు వానిని ఏరి, ఎండబెట్టి, 80 కిలోల బస్తాలకు ఎత్తి విక్రయింతురు. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు కార్ఖానాలు వందల సంఖ్యలో కలవు. స్థానికమైన పంట చాలక ఆఫ్రికా దేశములనుండి దిగుమతియైన పిక్కలను కూడ ఇచ్చట ఒలిచెదరు. రైలుబండిలో పోవు యాత్రికుడు పలాస పేరు వినగానే జీడిపప్పును తలచుకొనునంతగా ఈ ఊరికి కీర్తి వచ్చినది.

2. పిక్కనుండి పప్పువరకు

అంగడిలో గాజుపాత్రలో తెల్లగా కనబడు పప్పు ఎంత శ్రమకు ఫలమో చూడుడు. మొదట పిక్కలను ఎండబెట్టుదురు. పిదప ఆవిరిలో ఉడికించుట గాని, పెనములలో కాల్చుట గాని చేయుదురు. చల్లారిన పిక్కను కత్తియంత్రమున నిలిపి, పెంకును రెండుగా చీల్చి, లోని పప్పును విరుగకుండ పైకి తీయవలెను. ఈ పనిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. పెంకునందు ఘాటైన నూనె కలదు. అది తగిలినచో చర్మము పొక్కును, నల్లబడును. అందుచేత పనివారు చేతులకు ఆముదము గాని బూడిద గాని పూసికొందురు. అదే నూనె రంగుల పరిశ్రమకును, వాహనముల బ్రేకుల తయారీకిని ఉపయోగపడుచున్నది.

తీసిన పప్పును పొయ్యిగదిలో ఆరబెట్టిన పిదప పై పొరను ఒలిచెదరు. అనంతరము పరిమాణమునుబట్టి వేరుచేయుదురు. పౌనుకు 180 వరకు తూగు పెద్ద గుండుపప్పు ఒక రకము. 210, 240, 320 తూగునవి తరువాతి రకములు. రెండుగా విడిపోయినది బద్ద, చితికినది ముక్క. ఇటీవల కోతకు, పొర తీయుటకు యంత్రములు వచ్చినవి. అయినను చేతిపని అంతరింపలేదు.

ఒక్క లెక్కను గమనింపుడు. 80 కిలోల బస్తాను ఒలిచినచో సుమారు నాలుగవ వంతు మాత్రమే పప్పు వచ్చును. 320 రకము పప్పు ఒక కిలో తూగుటకు దాదాపు 700 పిక్కలు కావలెను. ఆ 700 పిక్కలను ఒక్కొక్కటిగా చీల్చవలెను, ఒక్కొక్కటిగా ఒలువవలెను. అనేక కార్ఖానాలలో కూలి తీసిన పప్పు తూకమునుబట్టి లెక్కింపబడును. చేయి నొచ్చి నిలిచిన గడియకు తూకము లేదు.

3. వెలలో కనబడని భారము

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. కొబ్బరి, జీడి, పనస తోటలు కూకటివ్రేళ్ళతో కూలిపోయినవి. కొబ్బరి మరల నాటి కాపు చూచుటకు ఏండ్లు పట్టును. జీడిమొక్క ఫలించుటకు కనీసము మూడేండ్లు కావలెను. ఒక్క రాత్రిలో పోయినది ఒక్క పంట కాదు, అనేక సంవత్సరముల జీవనము.

ఇంతియే కాదు. ఉద్దాన గ్రామములను దీర్ఘకాలముగా మూత్రపిండవ్యాధి పీడించుచున్నది. దానికి ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. తోటలో పిక్క ఏరువారును, కార్ఖానాలో ఒలుచువారును ఈ గ్రామములనుండి వచ్చినవారే. కిలో వెల అడుగు కొనుగోలుదారునకు ఈ భారము ఏదియు కానరాదు.

4. లక్కమ్మ చూపిన మార్గము

శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు కలరు. కన్నడమున ఆయ్ద అక్కి యనగా ఏరిన బియ్యము. రాలిన బియ్యపు గింజలను ఏరి, దానితోనే జంగమదాసోహము చేయుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఇంట ఉండరాదని పలికి, అధికమైన దానిని తిరిగి అక్కడనే విడిచి రమ్మని పతిని పంపినది.

ఆ బియ్యము దొంగిలించినది కాదు. అయినను ఆ తల్లి దానిని అంగీకరింపలేదు. తన కాయకమునకు మించి వచ్చినది మరియొకరి భాగమని ఆమె తలచినది. ఈ కథను అంగడికి అన్వయించి చూడవలెను. పది దుకాణములు తిరిగి, గట్టిగా బేరమాడి తగ్గించిన రూపాయి ఎవరి కూలినుండి తగ్గినది? దుకాణదారు లాభమునుండియా, రైతు బస్తానుండియా, ఒలుచు స్త్రీ చేతినుండియా? బలహీనుని భాగమునుండి తగ్గినదైనచో అది మారయ్య తెచ్చిన అధికపు బియ్యము వంటిదే. అట్టి ధనముతో చేయు అన్నదానము లక్కమ్మ మెచ్చునది కాజాలదు.

5. ఆచరణీయాంశములు

అ) గుండుపప్పునకును ముక్కకును భేదము రూపములోనే గాని రుచిలో కాదు. పాయసమునకు గుండుపప్పు కొని వంటింట చిదుముట వ్యర్థవ్యయము. బద్దయో ముక్కయో కొని, మిగిలిన ధనమును దాసోహమునకు వినియోగింపవచ్చును.

ఆ) పలాస ప్రాంతమునకు పోవు భక్తులు వీలైనచో కార్ఖానా యజమాని అనుమతితో పనిని కన్నులార చూడవలెను. పిక్క స్థానికమైనదా, దిగుమతియైనదా అని అడిగి తెలిసికొనవలెను.

ఇ) మఠములు పెద్దమొత్తమున కొనునపుడు తక్కువ వెలను మాత్రమే చూడక, పనివారికి చేతిరక్షణయు, త్రాగునీరును, సకాలమున కూలియు ఇచ్చువారి వద్ద కొనుట మేలు.

ఈ) పిల్లలచేత ఒక పిడికెడు పప్పు లెక్కింపజేసి, అందలి ప్రతి గింజయు ఒక మనిషి చేతిలో తిరిగినదని తెలుపవలెను.

ఆత్మపరిశీలనకు: ఈ మాసమున ఇంటికి వచ్చిన ఆహారపదార్థములలో ఎన్నింటి వెనుక ఉన్న కాయకము కుటుంబమునకు తెలియును? బేరమాడి మిగిల్చిన ధనము ఎవరిది?

విభూతి ధరించిన చేతితో ప్రసాదమును స్వీకరించునపుడు, ఆముదము పూసికొని పిక్క ఒలిచిన చేతిని కూడ తలచుకొనుట శరణధర్మము.