పరుపు కొనేముందు బుజ్జికో ఉత్తరం

తెనాలి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నడుం నొప్పని నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టావట. విశాఖ మధురవాడ అద్దింట్లో మంచం ఉన్నా దాని మీద అమ్మమ్మ కుట్టిన బొంత ఒక్కటే పరుచుకుని పడుకుంటున్నావట. ఇప్పుడేమో సేల్ నడుస్తోందని ఆన్‌లైన్‌లో ఏదో హైబ్రిడ్ పరుపు చూసి పెట్టుకున్నావట. "మావయ్యని అడగవే అంటే, ఆయన మొదలెడితే తెల్లారిపోద్ది అంటోంది" అని మీ అమ్మే చెప్పి నవ్వింది. నిజమే, తెల్లారుతుంది. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. విడతలు విడతలుగా చదువుకో.

నొప్పి కాల్లోకి లాగుతున్నా, పది రోజులైనా తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళు. పరుపుతో పోయే నొప్పులు కొన్నే. ఇన్నేళ్ళు పరుపులమ్మినవాడిగా ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

ఆ పరుపు ఫోటో చూశాను. 8 అంగుళాల మందం, కింద పాకెట్ స్ప్రింగులు, పైన ఫోము, 11 వేల చిల్లర. ఈ రోజుల్లో ఇది బేరమే. హైబ్రిడ్ అనగానే బెదరక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. స్ప్రింగు పరుపు మీద ఫోము కాస్త దండిగా వేశారు, అంతే. మన కొట్లో అమ్మినవి బోనెల్ రకం. తీగలన్నీ ఒకదానికొకటి ముడేసి ఉండేవి. ఒకళ్ళు పక్కకి దొర్లితే రెండోవాళ్ళకి మెలకువ వచ్చేది. పాకెట్ రకంలో ప్రతి స్ప్రింగుకీ దాని గుడ్డ సంచి దానిది. భుజం ఆనిన చోట భుజం దిగుతుంది, నడుం దగ్గర కదలదు. ఇదీ కొత్తదేం కాదు. 1900 ప్రాంతంలోనే కెనడాలో జేమ్స్ మార్షల్ అనే ఆయన చేశాడు. మనబోటివాళ్ళకి అందే ధరకి దిగడానికే ఇన్నేళ్ళు పట్టింది. అన్నట్టు, ఫోము మీద లేటెక్స్ పొర వేసినదాన్నీ కొందరు హైబ్రిడ్ పేరుతోనే అమ్ముతున్నారు. స్ప్రింగులున్నదేనా అని ఒకసారి నిదానంగా చదువు.

తాతయ్య కొట్టు పెట్టిన రోజుల్లో ఈ అనుమానాలే లేవు. బూరుగు దూది బస్తా ఇంటి ముందు గుమ్మరించేవాళ్ళు. దూదేకే సాయిబు ముక్కుకి గుడ్డ కట్టుకుని, విల్లు పట్టుకుని, తీగ మీద కొయ్యతో కొడుతుంటే టుంయ్ టుంయ్‌మని వీధంతా వినబడేది. ఉండలు కట్టిన దూది విడిపోయి గాలిలోకి లేచేది. ఇంటావిడ అరుగు మీద కూచుని, ఎంత దూది తూచారో, ఎంత లోపలికి వెళ్ళిందో చూసుకునేది. చారల గుడ్డ సంచిలో కూరి, దబ్బనంతో మూతి కుట్టేవరకు అక్కణ్ణించి కదిలేది కాదు. నాకేమో ఆ దూదిలో దూకాలని ఉండేది. దూకితే తాతయ్య ఏం చేసేవారో నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మ వీపు మీద కూడా పడ్డాయి. ఇప్పుడు పరుపు చుట్టచుట్టుకుని పెట్టెలో వస్తుంది. లోపల ఏముందో అమ్మేవాడు చెప్పాలి, మనం నమ్మాలి.

కాబట్టి అడుగు. ఫోనులో అడిగితే చాలదు, మెయిల్ పెట్టి రాయించుకో. స్ప్రింగు ఎత్తెంత, పైన ఏ పొర ఎన్ని అంగుళాలు, ఫోము డెన్సిటీ ఎంత. డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. 78 అంగుళాల పొడవు, 36 వెడల్పు ఉన్న మంచానికి 2 అంగుళాల పొర అనుకో. డెన్సిటీ 32 అయితే ఆ పొర దాదాపు మూడు కిలోలుంటుంది. 20 అయితే రెండు కిలోలకి లోపే. చేత్తో నొక్కితే రెండూ ఒకటే మెత్తన. తేడా కొన్నాళ్ళు పోయాక నడుం కింద గుంటగా తేలుతుంది. పెళ్ళి సామాను కొనేవాళ్ళు కొట్టుకొచ్చి "మందంగా కనబడాలండీ, మగపెళ్ళివారు చూస్తారు" అనేవాళ్ళు. కనబడే మందానికి తగ్గట్టే లోపల సరుకు పలచబడేది. ఆ పరుపుల మీద కాపురాలు ఎలా సాగాయో మరి!

పైపొర మెమరీ ఫోమైతే ఇంకో సంగతి చూసుకో. 1966లో నాసా వాళ్ళ కోసం, విమానం సీట్లకని తయారైన సరుకది. ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని పట్టుకుంటుంది. ఆ వేడిని తొందరగా వదలదు. నీ గదిలో ఏసీ లేదు. మే నెలలో ఉడికిపోతావు. అంగుళం చాలు, అంతకన్నా ఎక్కువ వద్దు. కింద స్ప్రింగుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టే నీకు ఉత్త ఫోము పరుపు వద్దని, ఈ హైబ్రిడ్డే నయమని అంటున్నాను.

ఇక గట్టిదనం. నడుం నొప్పంటే చెక్కబల్ల మీద పడుకోమని ఊరంతా అంటుంది. అమ్మమ్మ కూడా అదే అనేది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఎన్నాళ్ళగానో నడుం నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి ఓ మోస్తరు గట్టివి ఇచ్చి మూడు నెలలు చూశారు. ఓ మోస్తరు వాటి మీద పడుకున్నవాళ్ళకే ఎక్కువ సుఖం చిక్కింది. కాబట్టి పరుపు మీద "ఆర్థో" అని అచ్చేసి ఉంటే దానికి దణ్ణం పెట్టకు. ఆ మాట వేసుకోవడానికి ఏ డాక్టరూ సంతకం చెయ్యక్కర్లేదు. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి పెట్టి చూడు. చెయ్యి అటూ ఇటూ వదులుగా ఆడిందంటే పరుపు నీకు గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తన. నువ్వు చిన్నప్పట్నుంచీ పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేదానివి. కొట్లో పరుపుల దొంతర మీద అలాగే నిద్రపోతే కొనడానికి వచ్చినవాళ్ళు నిన్ను చూసి గొంతు తగ్గించి బేరమాడేవాళ్ళు. అందుకని పక్కకి పడుకుని కూడా చూడాలి. నీ స్నేహితురాలిని వెనక నిలబడి ఫోటో తియ్యమను. మెడ నుంచి నడుం దాకా వెన్ను తిన్నగా ఉంటే సరే, భుజం నొక్కుకుపోతుంటే అది నీ పరుపు కాదు. బొటనవేలితో నొక్కి తేల్చేసేవాళ్ళ మాట మాత్రం వినకు.

అన్నం వేళకి తింటున్నావా? ఆఫీసు కుర్చీలో పది గంటలు కూచుంటే ఏ పరుపూ ఏం చెయ్యలేదు, మధ్యమధ్యలో లేచి తిరుగు.

ఇప్పుడు అసలు సంగతి. ప్లాస్టిక్ కవరు.

నవ్వకు. పార్సిలు వచ్చిన రోజే కత్తెరతో తీసెయ్యి. కత్తితో వద్దు, గుడ్డ తెగుతుంది. మొత్తం తీసెయ్యి, అడుగువైపు కూడా. "కొన్నాళ్ళు ఉంచుదాంలే, మాయదు" అని మీ అమ్మ ఫోన్‌లో తప్పకుండా అంటుంది. టీవీ రిమోటు ఇంకా కవర్లోనే ఉన్న ఇల్లది. సోఫా మాట నేనెత్తను, ఎత్తితే మళ్ళీ పాత గొడవ. ఒకసారి కొల్లిపర నుంచి ఒకాయన కొట్టుకొచ్చి పరుపు మంచిది కాదండీ, అల్లుడు పడుకుని లేస్తే వీపంతా చెమట, పక్క మారితే కరకర చప్పుడని దెబ్బలాటకి దిగాడు. నేనే వెళ్ళి చూశాను. దుప్పటి తీస్తే కవరు! కవరు ఎత్తితే లోపల నీటి బొట్లు, అంచుల్లో నల్లటి బూజు. "అల్లుడొచ్చేసరికి కొత్తగా ఉండాలని తియ్యలేదండీ" అన్నాడు. ఒంటి చెమట ఎటుపోతుంది మరి? విశాఖలో సముద్రపు గాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, నీ పరుపులో ఉన్నదీ ఉక్కు తీగే. కవరు తీసి రెండు రోజులు ఫ్యాను కింద వదిలెయ్యి, చుట్ట విప్పిన పరుపు పొంగాలన్నా, ఆ రసాయనపు వాసన పోవాలన్నా అంత టైము కావాలి. మంచం మీద ఉత్త ప్లైవుడ్ పలకుంటే ఇంటివాళ్ళని అడిగి కన్నాలు వేయించు, పట్టీలుంటే మరీ మంచిది. పలక మీద కూడా ప్లాస్టిక్ షీటు ఉంటుంది, వడ్రంగులు తియ్యరు. అదీ పీకెయ్యి. నెలకోసారి పరుపు గోడకి నిలబెట్టి అడుగుకి గాలి తగలనివ్వు. డాబా మీద ఎండలో మాత్రం వెయ్యకు. బూరుగు పరుపుకి ఎండ మందు. ఫోము ఎండకి పసుపెక్కి పొడిపొడి అవుతుంది.

ప్రొటెక్టరు ఒకటి కొనుక్కో. అదీ ప్లాస్టిక్కే కదా మావయ్యా అంటావు. కాదే, గుడ్డకి అడుగున పలచని పొర వేసింది ఉంటుంది, నీళ్ళు దిగవు, ఆవిరి పోతుంది. రబ్బరు షీటులాంటిది తెస్తే మాత్రం నేనే వచ్చి చింపేస్తాను. మరకలుంటే ట్రయల్ గడువులో కూడా వెనక్కి తీసుకోరు, వారంటీలో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. గుంట ఎంత లోతు పడితే మారుస్తారో కూడా అక్కడే చదువు. నూరు రాత్రుల ట్రయల్ ఉందన్నావట. మొదటి వారం ఒళ్ళు అలవాటు పడదు, కంగారుపడి తిప్పి పంపకు. నెల గడిచాక కూడా పొద్దున లేవగానే నడుం పట్టేస్తుంటే మొహమాటపడకుండా పంపించెయ్యి.

మంచం లోపలి కొలత టేపు పెట్టి చూడు. మన మంచాలు 72, 75, 78 అని మూడు పొడవులుంటాయి, ఇంటివాళ్ళు చెప్పింది నమ్మకు. కొలతలు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆర్డరు అప్పుడు. సేల్ పోతుందని రాత్రికి రాత్రి నొక్కెయ్యకు, వచ్చే నెల ఇంకో సేల్ ఉంటుంది. 6 వేలు నీ ఖాతాలో వేశాను. మీ అమ్మకి చెప్పకు, అత్తయ్యకి తెలుసు.

ఇట్లు
మీ మావయ్య

తా.క. బిల్లు నీ పేరు మీదే ఉండాలి. స్నేహితురాలి ఖాతాలో తగ్గింపు ఉందని ఆమె పేరున కొంటే, రేపు వారంటీకి ఆమె ఏ ఊళ్ళో ఉంటుందో!