తెగిన వెన్నుపాము మళ్ళీ అతుకుతుందా?

తమ్ముళ్ళారా, వేలు తెగితే పది రోజుల్లో మానుతుంది. చెయ్యి విరిగితే పిండికట్టు కట్టించుకుని మళ్ళీ చెరుకు కొట్టడానికి పోతాం. మరి వెన్నుపాము దెబ్బతింటే ఎందుకు మానదు? కల్లుగీత ఇంట్లో పుట్టిన మాకు ఈ ప్రశ్న ఎమ్మెస్సీ పుస్తకంలోంచి రాలేదు. బోధన్ పక్కన మా ఊళ్ళో మోకు తెగి తాటిచెట్టు మీదినుంచి పడ్డ మా పెద్దబాపు మంచం దగ్గర పుట్టింది.

చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతుంది. మెదడులో, వెన్నుపాములో అలా పెరగదు. ఆ కణాలకే శక్తి లేదని చాలాకాలం అనుకున్నారు. 1981లో కెనడాలో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక కాలి నరం ముక్కను తీసి, మెదడు కింది భాగానికీ వెన్నుపాముకూ నడుమ వంతెనలా అతికించారు. పెరగవనుకున్న నాడీ పోగులు ఆ ముక్క గుండా 3 సెంటీమీటర్ల దాకా పెరిగాయి! అంటే విత్తనం మంచిదే, నేల మొలవనివ్వడం లేదు. ఎదుగుదలను ఆపే నోగో అనే ప్రోటీన్‌ను 2000లో స్విట్జర్లాండులోని మార్టిన్ ష్వాబ్ బృందం గుర్తించింది. అదే దేశంలో 2018లో గ్రెగ్వార్ కోర్టీన్ బృందం వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, సాధన చేయించి, ముగ్గురిని ఆసరాతో నడిపించింది. మెదడుకైతే ఇంకో వెసులుబాటు ఉంది. దెబ్బతిన్న భాగం పని కొంతవరకు పక్క భాగాలు సాధనతో నేర్చుకుంటాయి.

ఇంత చదివాక కూడా ‘మూలకణాల సూదితో నడిపిస్తాం’ అని ఎవరో చెబితే ఇంట్లో ఎకరం అమ్మబోయారు. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు అది రుజువైన వైద్యం కాదు, అనుమతి ఉన్న పరిశోధనలోనే ఇవ్వాలి. ఈ మాట చెప్పి ఆపాం. మా చదువు ఇంటికి పనికొచ్చింది అదే మొదటిసారి.

పడ్డ రోజు మాత్రం మాకేమీ తెలియదు. నలుగురూ ప్రేమతోనే కాళ్ళూ చేతులూ పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టారు. వెన్నెముక విరిగిన మనిషిని వంచితే లోపలి వెన్నుపాము ఇంకా నలుగుతుంది. కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి. తప్పనిసరైతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి, నలుగురూ ఒకేసారి దొర్లించి చెక్కపలక మీదికి చేర్చాలి. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మా పెద్దబాపు పడ్డది అంతకుముందే.

పుండ్లు పడకుండా పెద్దమ్మ ఆయనను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంది. సెలవులకు పోతే రాత్రి వంతు మాది.