కళాకారుడు నిలిస్తేనే వ్యాపారం నిలుస్తుంది

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ చదివాను. నలుగురు శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులతో చీరల వ్యాపారం పెట్టాలనుంది. ఈ రంగంలో నాకెవరూ తెలియదు. న్యాయమైన కూలి ఇస్తూ నిలదొక్కుకోగలనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిలదొక్కుకోగలరు. అయితే కూలి లెక్కతోనే మొదలుపెట్టండి. కరక్కాయ కలిపిన పాలలో గుడ్డ నానబెట్టడం, బెల్లంతో ఇనుప ముక్కలు ఊరబెట్టి నలుపు తీయడం, కలంతో గీయడం, పటిక అద్దడం, పదేపదే ఉతకడం... ప్రతి దశకూ పట్టే రోజులు రాసి, వాటిని బట్టి ధర కట్టండి. చీర అమ్ముడయ్యేదాకా ఆపకుండా, దశలవారీగా కూలి చెల్లించండి. డిజైన్ నిర్ణయాల్లో కళాకారులను కూర్చోబెట్టండి, చీరతో ఇచ్చే చీటీపై వారి పేరు రాయండి.

పరిచయాలంటే విజిటింగ్ కార్డులు పంచడం కాదు. హైదరాబాద్ శిల్పారామం, ఢిల్లీ హాట్‌లకు వెళ్లి, అమ్మేవారితో, కొనేవారితో మాట్లాడండి. ఎవరేం అడిగారో రాసుకోండి, వారంలోపు ఫోన్ చేయండి. సాయం అడిగే ముందు మీరేం ఇవ్వగలరో చెప్పండి: ఫొటోలు, కొత్త డిజైన్లు, ఆన్‌లైన్ అమ్మకం. మీ కళాకారులకు కేంద్ర హస్తకళల విభాగమిచ్చే పెహచాన్ కార్డులు ఉన్నాయో లేదో చూడండి.

కళాకారులతో కలిసి నడిస్తే ఏం సాధించవచ్చో తెలియాలంటే, లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక గ్రామాన్ని గమనించండి. సి.వి.రాజు అనే ఆయన అక్కడి కళాకారులతో కలిసి ఆ బొమ్మలకు సహజ రంగులు మళ్లీ తెచ్చారు. పిల్లలకు హాని లేని బొమ్మ అన్న ఆశయమే ఆ సరుకుకు విలువ పెంచింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

యంత్రంపై అచ్చేసిన గుడ్డను కలంకారీ పేరుతో ఎన్నడూ అమ్మకండి. కొద్ది చీరలతోనే మొదలుపెట్టండి, కూలి మాత్రం బాకీ పెట్టకండి.